ప్రమిద నుంచి బుడ్డి దాకా: తెలుగింటి దీపపు నూనెల ఎంపికలో శుచి, శుభ్రత, భద్రత

ప్రస్తావన

సాహిత్య పరిశోధనలో దీపం సాధారణంగా ప్రతీకగా కనిపిస్తుంది. జ్ఞానం, వంశం, ప్రాణం, ఐశ్వర్యం అన్నీ దీపంతో పోల్చదగినవే. ఆ ప్రతీకల వెనుక ప్రతి సాయంత్రమూ ఇల్లాలు తేల్చుకోవలసిన లౌకికమైన లెక్క ఒకటి ఉండేది. ఈ పూట దీపంలో ఏ నూనె పోయాలి? అది ఎంతసేపు వెలుగుతుంది? ఎంత మసి పెడుతుంది? పసిపిల్లలు తిరిగే గదిలో దాన్ని ఎక్కడ పెట్టాలి? కావ్యాల నుంచి, నిఘంటువుల నుంచి, శాసనాల నుంచి నిత్యజీవితాన్ని తవ్వితీసే మార్గాన్ని సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'తో మనకు చూపారు. ఆ మార్గంలో దీపపు నూనెను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ ప్రతిపాదిస్తున్నది ఒక్కటే. దీపపు నూనె మంచిచెడ్డలు నూనెలో మాత్రమే లేవు. నూనెకూ దీపపు పాత్రకూ ఉన్న పొందికలో ఉన్నాయి. వేల ఏళ్లపాటు ఆముదమూ నువ్వుల నూనే ప్రమిదతో పొందికగా సాగాయి. 19వ శతాబ్దంలో కిరసనాయిలు వచ్చినప్పుడు దానికి తగిన పాత్ర ఉన్నవారి ఇంటికి లాంతరుతోపాటు వచ్చింది. లేనివారి ఇంటికి నూనె మాత్రమే వచ్చింది. ఆ తేడా ఎందరో పేదల కళ్లలో, ఊపిరితిత్తుల్లో, కాలిన చర్మంలో మిగిలింది.

నూనె అనే మాట

'నూనె' అన్న పదానికి మూలార్థం నువ్వుల నెయ్యి. నువ్వును తెలిపే 'నూ' మీద 'నెయ్' చేరి ఏర్పడిన సమాసమిది. తమిళంలో 'ఎళ్' మీద 'నెయ్' చేరి 'ఎణ్ణెయ్' అయినట్లే ఇది జరిగింది. కాలక్రమంలో సమాసమన్న స్పృహ పోయి, గింజల నుంచి తీసిన ప్రతి జిడ్డు ద్రవమూ నూనె అయింది. అందుకే 'నువ్వుల నూనె' అని నువ్వును రెండోసారి చెప్పుకోవలసి వస్తున్నది. కొబ్బరి, వేప, కానుగ, ఇప్ప మొదలైనవన్నీ ఈ మాటకు ముందు చేరాయి. ఆముదం మాత్రం చేరలేదు. 'ఆముదం' అంటే చాలు, నూనె అన్న మాట అవసరం లేదు. తెలుగింటి వాడుకలో ఆముదానికి ఉన్న ప్రత్యేక ప్రతిపత్తికి ఇది భాషాపరమైన ఆనవాలు.

ఆముదంలోనూ భేదాలున్నాయి. చిన్న గింజల నుంచి తీసిన చిట్టాముదం మందుకు, పసిబిడ్డల ఒంటికి. పెద్ద గింజల ఆముదం దీపానికి, బండి ఇరుసుకు. గింజలను వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి పైకి తేలినదాన్ని తీస్తే అది వంటాముదం. ఆముదపు గింజలో విషం ఉన్నదనీ, ఆ విషం నూనెలోకి రాక పిండిలో మిగిలిపోతుందనీ నేటి రసాయనశాస్త్రం చెబుతుంది. మన ఇళ్లలో ఈ శాస్త్రం తెలియకపోయినా, ఆముదపు పిండిని పశువుకు పెట్టక పొలానికి ఎరువుగా వేసే అలవాటు మాత్రం ఉంది.

మూడు నూనెలు, మూడు చోట్లు

పాత తెలుగింటి జిడ్డు పదార్థాలను వాడుకను బట్టి మూడు అంతస్తులుగా చూడవచ్చు. నెయ్యి దేవుడికీ, విస్తరికీ. నువ్వుల నూనె వంటకూ, తలంటుకూ, పూజా దీపానికీ. తినడానికి పనికిరాని ఆముదం, కానుగ, పొన్న మొదలైనవి రాత్రి వెలుగుకు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మెట్టపొలాల్లో ఆముదం విస్తారంగా పండేది. మన్యంలో ఇప్పనూనె, చెరువుగట్ల వెంట కానుగ చెట్లున్న ఊళ్లలో కానుగ నూనె అందుబాటులో ఉండేవి. ఏ నేల పండించినదాన్ని ఆ నేల వెలిగించుకునేది.

ఈ విభజనలో ఒక ఆర్థిక వివేకం ఉంది. తినే నూనె దీపానికి పోతే పిల్లల నోటిదగ్గర తగ్గుతుంది. తినని నూనెకు ఆ పోటీ లేదు. పైగా ఆముదం నిదానంగా కాలుతుంది, మసి తక్కువ పెడుతుంది. ఆముదపు దీపం మీద రాగి పళ్లెం బోర్లించి పట్టిన మసినే కాటుకగా వాడుకునేవారు. పసిపాప కంటికి పెట్టే మసిని ఏ దీపం నుంచి పట్టాలో ఎంచుకున్నవారికి ఏ నూనె పొగ ఎటువంటిదో తెలియదని అనుకోలేము. 'దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి' అన్న సామెతను నేడు అవకాశాన్ని వదులుకోవద్దన్న అర్థంలో వాడుతున్నాము. దాని తొలి అర్థం మాత్రం వాచ్యమైనదే. నూనెకు కొలత ఉంది. ఆ కొలత అయిపోయాక రాత్రి మొదలవుతుంది.

శాసనాల్లో దీపం

దీపానికి నూనె లేదా నెయ్యి ఎలా సమకూరేదో తెలుసుకోవడానికి ఆలయ శాసనాల కన్నా మంచి ఆధారం లేదు. ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనాల్లో చాలా భాగం అఖండదీప దానాలే. దాత గొర్రెలనో ఆవులనో ఇస్తాడు. వాటిని ఒక బోయకు అప్పగిస్తారు. అతడూ అతని సంతతివారూ ఆచంద్రార్కం రోజుకు ఇంత నెయ్యి అని ఆలయానికి కొలవాలి. మంద మూలధనం, నెయ్యి వడ్డీ. దీపం ఆ వడ్డీ మీద వెలుగుతుంది.

ఈ ఒప్పందాలు రెండు విషయాలు చెబుతున్నాయి. ఒకటి, ఇంధనం నిరంతరం అందడమే దీపానికి ప్రాణమన్న స్పష్టత. దాతలు బంగారు కుందెలు మాత్రమే ఇచ్చి ఊరుకోలేదు, వాటిలో పోసేదానికీ ఏర్పాటు చేశారు. రెండు, దేవుడి దీపానికీ ఇంటి దీపానికీ ఇంధనంలో తేడా. రోజుకొక కొలత నెయ్యి కాల్చడం సామాన్య గృహస్థుకు ఊహకందని వ్యయం. అతని గూటిలో వెలిగింది గానుగ నూనో ఆముదమో. తర్వాతి కాలంలో శుచి అన్న కొలమానం నెయ్యికీ నువ్వుల నూనెకూ అంటిపెట్టుకోవడానికి ఈ అంతరం ఒక కారణమని భావించవచ్చు.

ప్రమిద ఆకారం వెనుక ఉన్న కారణం

ప్రమిద ఎందుకు లోతు తక్కువగా, నోరు వెడల్పుగా ఉంటుంది? జవాబు నూనె చిక్కదనంలో ఉంది. గది వేడిమి దగ్గర ఆముదం నువ్వుల నూనె కన్నా సుమారు పది రెట్లు చిక్కన. అంత చిక్కని ద్రవం వత్తి దారాల వెంట ఎత్తుకు ఎక్కలేదు. అందువల్ల మంట నూనె మట్టానికి దగ్గరగా ఉండాలి, వత్తి పడుకుని ఉండాలి, తగ్గినకొద్దీ నూనె పోస్తూ ఉండాలి. సెమ్మె ఎంత ఎత్తుగా ఉన్నా దాని తల మీద ఉండేది పల్లమైన గిన్నే.

మూతలేని పాత్రలో నూనె పోసి దాని అంచున నిప్పు పెట్టడం చూడటానికి అపాయంగానే కనిపిస్తుంది. అయినా అది అంత అపాయం కాకపోవడానికి కారణముంది. ఆముదం, నువ్వుల నూనె వంటివి 200 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే తప్ప అంటుకోగలిగినంత ఆవిరిని వదలవు. ప్రమిద బోర్లాపడితే వత్తి చాలాసార్లు నూనెలో మునిగి ఆరిపోతుంది. గోడలో దీపపు గూడు పెట్టడం వల్ల గాలి తగలదు, పిల్లల చేయి అందదు, తాటాకు కప్పుకు దూరం ఉంటుంది. గూడు, ప్రమిద, ఆముదం మూడూ కలిసి ఒకే ఏర్పాటు. దానిలోని లోపం ప్రమాదం కన్నా వెలుగు చాలకపోవడమే. చదువుకోవడానికీ, నేతకూ, లెక్కలు రాసుకోవడానికీ అది చాలదు. కిరసనాయిలు గెలిచింది ఇక్కడే.

కిరసనాయిలు రాక

'కెరోసిన్' అన్న పేరు పెట్టినవాడు కెనడాకు చెందిన అబ్రహాం గెస్నర్. గ్రీకు భాషలో మైనం అన్న అర్థమున్న పదం నుంచి దాన్ని తయారుచేసి 1854లో పేటెంటు పొందాడు. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో 1852లో వెలువడింది. అంటే బ్రౌన్ సేకరించిన తెలుగు పదజాలం కిరసనాయిలుకు పూర్వపు దీపాల పదజాలం. దీపాల చరిత్ర చదివేవారికి ఆ నిఘంటువు ఈ కారణంగా అదనపు విలువ గలది.

1859లో పెన్సిల్వేనియాలో డ్రేక్ తవ్విన బావితో భూతైలం విరివిగా దొరకడం మొదలైంది. అమెరికా నూనె తర్వాత బాకూ ప్రాంతపు రష్యా నూనె, ఆపైన 1886లో ఏర్పడిన బర్మా ఆయిల్ కంపెనీ నూనె భారతదేశానికి చేరాయి. 1892లో 'మ్యూరెక్స్' అనే ఓడ సూయజ్ కాలువ దాటి ఆసియాకు రష్యా కిరసనాయిలును పీపాలు, డబ్బాలు లేకుండా నేరుగా ఓడ తొట్లలోనే తెచ్చింది. మన ఊళ్లకు అది నాలుగు గ్యాలన్ల రేకు డబ్బాల్లో చేరేది. ఖాళీ అయిన డబ్బా నీళ్లు మోయడానికీ, ధాన్యం పోసుకోవడానికీ, రేకు విప్పి కప్పుకు వేసుకోవడానికీ పనికివచ్చింది. నూనెతోపాటు వచ్చిన డబ్బా కూడా ఇంటి సామగ్రిలో భాగమైంది.

కొత్త వస్తువుకు తెలుగు నేల మీద పలు పేర్లు పుట్టాయి. కోస్తాలో ఆంగ్లపదమే 'కిరసనాయిలు' అయింది. తెలంగాణలో 'గాసునూనె' నిలిచింది. కన్నడ సరిహద్దు ప్రాంతాల్లో కన్నడంలోని 'సీమె ఎణ్ణె'కు తోబుట్టువైన 'సీమనూనె' వినిపిస్తుంది. ఇక్కడి 'సీమ' సీమచింతలోని సీమ వంటిదే, పరదేశాన్ని సూచిస్తుంది. దీపాల పేర్లూ అలాగే వచ్చాయి. లాంతరు ఐరోపా భాషల నుంచి, కందిలి అరబ్బీ 'ఖిందీల్' నుంచి, చిమ్నీ ఆంగ్లం నుంచి. 'బుడ్డి' మాత్రం మన మాటే. సిరాబుడ్డిలోని బుడ్డే దీపపు బుడ్డి అయింది. పేరు దేశీయమైనట్లే ఆ దీపాన్ని చేసుకున్నదీ ఇంట్లోనే. ఖాళీ సీసా, మూతకు ఒక రంధ్రం, దానిలోంచి గుడ్డపేలిక వత్తి.

76 డిగ్రీల లెక్క

కిరసనాయిలు ఆముదానికి పూర్తిగా భిన్నమైన ద్రవం. ఎంతో పలచన కావడం వల్ల వత్తి వెంట సులభంగా పైకెక్కుతుంది. అదే దాని సుగుణం. తక్కువ వేడికే అంటుకునే ఆవిరిని వదులుతుంది. అదే దాని దోషం. ఒక నూనె ఆవిరి నిప్పు తగలగానే భగ్గుమనే కనిష్ఠ ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. దాన్ని కొలవడానికి ఫ్రెడరిక్ ఏబెల్ రూపొందించిన పరికరాన్ని 1879లో బ్రిటిష్ చట్టం స్వీకరించింది. భారతదేశపు 1899 నాటి పెట్రోలియం చట్టం 76 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తక్కువ ఫ్లాష్ పాయింట్ ఉన్న నూనెను అపాయకరమైనదిగా నిర్వచించింది. దాని స్థానంలో వచ్చిన 1934 చట్టం కూడా ఆ అంకెనే నిలుపుకుంది.

76 డిగ్రీల ఫారెన్‌హీట్ అంటే 24 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు. తెలుగు నేల మీద వైశాఖ జ్యేష్ఠాల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. రాత్రి గదిలోనూ 24కు దిగడం అరుదు. కాబట్టి చట్టం దృష్టిలో అపాయకరం కాని నూనె, ఆ హద్దుకు కాస్త పైన ఉన్నదైతే, రెంటచింతలలోనో రామగుండంలోనో వేసవి గదిలో సీసా మూత తీయగానే మండే ఆవిరిని వదిలే స్థితిలో ఉంటుంది. నేడు భారతీయ ప్రమాణాల సంస్థ కిరోసిన్‌కు విధించిన కనిష్ఠ ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీల సెల్సియస్. పాతదాని కన్నా ఇది మెరుగు. అయినా మన ఎండల ముందు ఇదీ చాలినంత ఎత్తున లేదు. ఈ స్థితిలో భద్రత అంతా పాత్ర మీద ఆధారపడుతుంది. ఆవిరికీ మంటకూ మధ్య బిగుతైన మూత ఉన్నదా లేదా అన్నదే అసలు ప్రశ్న.

లాంతరు, బుడ్డి

హరికేన్ లాంతరులో నూనె తొట్టి బరువుగా అడుగున ఉంటుంది. వత్తిని మర పళ్లు పైకీ కిందికీ తిప్పుతాయి. గాజు చిమ్నీ గాలిని నియమిత మార్గంలో మంటకు అందిస్తుంది. గాలి సరిగా అందితే మంట తేటగా ఉంటుంది, మసి తగ్గుతుంది. కిరసనాయిలును ఉద్దేశించి రూపొందిన పాత్ర అది.

బుడ్డిలో ఇవేవీ లేవు. అది తేలికైనది, పొడుగైనది. చేయి తగిలితే పడుతుంది. పడితే వదులు మూత ఊడి పలచని నూనె ఒక్కసారిగా పరుచుకుంటుంది. ఆముదపు ప్రమిదలా అది ఆరిపోదు, మరింత మండుతుంది. గాజు చిమ్నీ లేనందున మంటకు గాలి చాలదు. చిమ్నీ లేని వత్తి దీపాల్లో కాలిన కిరోసిన్‌లో 7 నుంచి 9 శాతం దాకా నల్లని కర్బనధూళిగా మారుతుందని 2012లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధన కొలిచింది. అంతకు ముందటి అంచనాల కన్నా ఇది సుమారు 20 రెట్లు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్లలో కిరోసిన్ వాడకాన్ని మానుకోవలసినదిగా సూచించింది.

ప్రమాదం నూనెతోపాటు పాత్రలో కూడా ఉందనడానికి పొరుగునే ఉన్న శ్రీలంకలో స్పష్టమైన నిదర్శనం ఉంది. కాలిన గాయాలతో వచ్చే రోగులకు చికిత్స చేసిన శస్త్రవైద్యుడు విజయ గొడకుంబుర, నూనెను మార్చకుండా దీపాన్ని మార్చారు. పొట్టిగా, బరువుగా, పక్కలు చదునుగా, మరమూతతో ఉండే గాజు బుడ్డిని రూపొందించారు. దొర్లదు, పడినా నూనె ఒలకదు. ఆ కృషికి 1998లో రోలెక్స్ పురస్కారం లభించింది. లాంతరు కొనలేని ఇంటికి చేరగల భద్రత అది. మన బుడ్డి అటువంటి సంస్కరణ పొందకుండానే విద్యుత్తు రాక దాకా కొనసాగింది.

ఆ కొనసాగింపు చిన్నది కాదు. 1942లో బర్మా జపాను వశమైనప్పుడు కిరసనాయిలుకు కటకట వచ్చి కొలతల పంపిణీ మొదలైంది. స్వాతంత్ర్యానంతరం చౌకధరల దుకాణంలో నీలిరంగు కిరోసిన్ కోసం వరుసలు దశాబ్దాలు సాగాయి. 2011 జనాభా లెక్కల నాటికి కూడా దేశంలో సుమారు 31 శాతం ఇళ్లకు ప్రధాన వెలుగు కిరోసినే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికే 92 శాతం ఇళ్లకు విద్యుత్తు ఉంది. మిగిలిన ఇళ్లు ఎవరివో ఊహించడం కష్టం కాదు.

శుచి వేరు, శుభ్రత వేరు

ఇంతగా ఇల్లంతా ఆక్రమించిన కిరసనాయిలు పూజగదిలోకి మాత్రం రాలేదు. దేవుడి ముందు నువ్వుల నూనో నెయ్యో ఆముదమో కొనసాగింది. ఈ నిషేధానికి ఆచారం చెప్పిన కారణం శుచి. ఆ శుచిలో శుభ్రత అంశ కూడా కొంత ఉంది. వాసన కొట్టే, మసి పెట్టే, భగ్గుమనే నూనెను ఇంట్లో ఒక మూలకైనా రానీయకుండా ఆచారం ఆపింది. భాష కూడా ఈ గౌరవాన్ని నిలుపుకుంది. దేవుడి దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు.

అయితే శుచి శుభ్రతకు పూర్తి హామీ కాదు. నువ్వుల నూనె దీపమైనా మసి పెడుతుంది, సన్నని ధూళిని వదులుతుంది. మూసిన చిన్న గదిలో గంటల తరబడి పది వత్తులు వెలిగితే ఊపిరికి మేలు జరగదు. వత్తి పొడుగైనా, తడిసినా, నూనెలో మడ్డి ఉన్నా పొగ పెరుగుతుంది. ఈ విషయాలను నూనె పవిత్రత మార్చలేదు.

నేటి దీపపు నూనె

విద్యుత్తు వచ్చాక ఇంటి దీపం దాదాపు పూర్తిగా పూజా దీపమే అయింది. బజారులో ఇప్పుడు 'దీపారాధన నూనె' అన్న ఒక కొత్త వర్గం ఉంది. దాని మీద దేవతామూర్తి బొమ్మ, కింద చిన్న అక్షరాల్లో వంటకు పనికిరాదన్న సూచన ఉంటాయి. తినే నూనె కాదు గనుక తినే నూనెల ప్రమాణాలు దానికి వర్తించవు. లోపల ఏ నూనె ఎంత పాలు ఉన్నదో చాలా సీసాలు చెప్పవు. పాత ఇంట్లో 'ఆముదం' అన్న పేరు వస్తువును చెప్పింది. 'దీపారాధన నూనె' అన్న పేరు వాడుకను చెబుతుంది, వస్తువును దాచుతుంది. ఖనిజతైలం కలిసినా ఆ పేరు అలాగే ఉంటుంది.

దీనిలో పిల్లలకు సంబంధించిన అపాయం ఒకటి ఉంది. కిరోసిన్, పారఫిన్ వంటి పలచని తైలాలు మింగినప్పుడు కడుపులోకి పోవడం కన్నా శ్వాసనాళంలోకి జారడం ప్రమాదకరం. ఊపిరితిత్తులు వాచి ప్రాణం మీదికి రావచ్చు. వాంతి చేయిస్తే ఆ ప్రమాదం పెరుగుతుంది గనుక వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఐరోపా సమాఖ్య రంగు, సువాసన కలిపిన పారఫిన్ దీపపు నూనెలను ఇళ్లకు అమ్మడాన్ని ఈ కారణంగానే నిషేధించింది. మన ఇళ్లలో కిరసనాయిలును నీళ్ల సీసాలోనో శీతల పానీయపు సీసాలోనో పోసి ఉంచిన అలవాటు ఎన్ని దుర్ఘటనలకు దారితీసిందో పల్లె వైద్యులు ఎరుగుదురు. చిక్కని ఆముదం మింగిన బిడ్డకు సాధారణంగా విరేచనాలతో పోతుంది.

ముగింపు

పై పరిశీలన నుంచి దీపపు నూనెకు మూడు పరీక్షలు తేలుతున్నాయి. మొదటిది ఆవిరి: మన ఎండల వేడికి అది మండే ఆవిరిని వదులుతుందా? రెండవది మసి: దానికి తగిన పాత్ర, తగిన వత్తి ఉన్నాయా? మూడవది పేరు: సీసా మీది పేరు లోపలి వస్తువును చెబుతున్నదా? ఈ మూడింటిలోనూ గానుగ ఆముదం, నువ్వుల నూనె ఇంటి ప్రమిదకు నేటికీ తగినవిగా నిలుస్తున్నాయి, గాలి ఆడే చోట, గుడ్డలకూ తెరలకూ దూరంగా, తక్కువ వత్తులతో వెలిగించినప్పుడు.

దీపాల పదజాలాన్ని సేకరించే పరిశోధకులు ప్రమిద, సెమ్మె, కుందె, గూడు వంటి అందమైన మాటల వద్ద ఆగకుండా బుడ్డి, గాసునూనె, నీలి కిరోసిన్ వంటి వాటినీ నమోదు చేయాలి. మొదటివి మన సంస్కృతిలో వెలుగును చెబుతాయి. రెండవవి ఆ వెలుగు ఎవరికి ఎంత ఖరీదుకు అందిందో చెబుతాయి. బుడ్డి వెలుగులో చదువుకున్న తరం ఇంకా మన మధ్య ఉంది. ఆ మాటలనూ, ఆ దీపాన్ని చేసుకున్న తీరునూ, దానితో పడిన పాట్లనూ వారి నోట విని రాసుకోవడానికి మిగిలిన వ్యవధి ఎక్కువ లేదు.